మీ మోటార్లు ఎందుకు ఆలస్యమవుతున్నాయంటే

విశాఖ కంచరపాలెంలో మా షాపుకి నీళ్ల మోటార్లు రివైండింగ్‌కి (పాత కాయిల్ తీసి కొత్త తీగ చుట్టడానికి) ఇచ్చిన వాళ్లందరికీ నమస్కారం. ఈ వారం ఇవ్వాల్సినవి వచ్చే వారానికి గానీ ఇవ్వలేను. కారణం ఉన్నదున్నట్టు చెబుతాను.

ఏళ్ల తరబడి మాకు వైండింగ్ వైరు వేస్తున్న సప్లయర్ ఈసారి రాగి పేరుతో వేరే సరుకు పంపాడు. బాబిన్ చేతిలోకి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది. బ్లేడుతో తీగ మీది ఎనామిల్ (ఇన్సులేషన్ పూత) గీకితే రాగి రంగే. కత్తిరించి చివర చూస్తే లోపల తెల్లగా అల్యూమినియం, పైన పల్చటి రాగి పూత. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, అల్యూమినియానిది 2.7. ఇన్నేళ్లు వైరు పట్టిన చేతికి ఆ తేడా తెలియదా?

ఫోన్ చేస్తే, "అందరూ ఇదే చుడుతున్నారండీ, మెగ్గర్ పెట్టి చూసుకోండి, పాసవుతుంది" అన్నాడు. ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెట్టింది. పాసవుతుంది, ఎందుకవదు? మెగ్గర్ 500 వోల్టులు ఇచ్చి చూసేది వైండింగ్‌కీ బాడీకీ మధ్య ఇన్సులేషన్ మాత్రమే. లోపల ఏ లోహం ఉందో దానికి అక్కర్లేదు. లోహం తేడాను పట్టిచ్చేది వేరే కొలత, కాయిల్ రెసిస్టెన్స్. అదే గేజు, అవే చుట్లు అయినా ఈ తీగ రాగి మీద దాదాపు ఒకటిన్నర రెట్లు చూపిస్తుంది. మోటారు తిరుగుతుంది, నీళ్లూ ఎక్కుతాయి. లోడు మీద నడిచేకొద్దీ కాయిల్ వేడెక్కి ఎనామిల్ మాడిపోతుంది. అల్యూమినియం అని చెప్పి, దానికి తగ్గ లావు తీగ చుడితే నాకే అభ్యంతరమూ లేదు. రాగి డబ్బులు తీసుకుని ఇది చుట్టడం నా వల్ల కాదు.

అయినా సులువుగా తేల్చుకోలేదు. ఎండలు మండుతున్నాయి, అపార్ట్‌మెంట్ల వాళ్లు ట్యాంకర్లు తెప్పించుకుంటున్నారు. అర్జెంటు వాటికైనా ఇదే చుట్టేసి తర్వాత మారుద్దాం అన్నాడు మా మేస్త్రి. పాత కాయిల్స్ పీకేసిన స్టేటర్లు (కాయిల్ చుట్టే మోటారు భాగాలు) వరసగా కళ్లముందే ఉన్నాయి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక సరుకంతా తిప్పి పంపేశాను. కట్టిన అడ్వాన్సు ఇంకా రాలేదు. ఆ తంటా నేను పడతాను, మీ రేటు రూపాయి పెరగదు.

వేరే డీలరు వైరు వస్తోంది. సాగర్ నగర్, భీమిలి వైపు మోటార్లకు ఉప్పుగాలి తేమతో ఇన్సులేషన్ పడిపోతుంటుంది కాబట్టి, ఎంత తొందరున్నా వార్నిష్ పూర్తిగా ఆరకుండా ఇవ్వను. తీసుకెళ్లేటప్పుడు మెగ్గర్, కాయిల్ రెసిస్టెన్స్ రెండు రీడింగులూ మీ ముందే చూపిస్తాను.

అంతవరకు ఆగలేని వాళ్లకు స్పేర్ మోటారు ఉన్నంతలో బిగిస్తాం, అద్దె వద్దు. వేరే షాపులో చేయించుకుంటామన్నా విప్పిన కూలీ అడగను. అక్కడ మాత్రం చుట్టకముందే వైరు చివర కత్తిరించి చూపించమనండి.