నూట నలభై నాలుగు గ్రాముల నూనె

గుంటూరు,
ఆదివారం మధ్యాహ్నం, మూడు దాటింది

ఒరేయ్ మామా,

ముందే తిట్టకు. ఉగాదికి రాస్తానన్నాను, శ్రావణమాసం వచ్చేసింది. తప్పు నాదే. మా బావమరిది ఈ రాత్రి రైలుకి పూనా వస్తున్నాడు, ఐదింటికల్లా సామాను తీసుకెళ్ళడానికి ఇంటికొస్తాడు. ఈలోగా ఇది రాసి వాడి చేతికివ్వాలి. ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో నవ్వడం మొదలెడతావు, అసలు సంగతి పోతుంది.

ఇంటి కబుర్లు గబగబా: పెద్దాడు ఇంటర్ గట్టెక్కాడు. స్కూటర్ అమ్మేశాను. మేడ మీద మళ్ళీ కారుతోంది. నాన్నకి కళ్ళాపరేషన్ అయింది, బాగానే ఉన్నారు, ఇప్పుడు పేపర్లో అచ్చుతప్పులు కూడా కనిపిస్తున్నాయిట. అంతే.

ఇక అసలు కథ. పోయిన నెల ఆఫీసులో అందరికీ రక్తపరీక్షలు చేయించారు. నాది షుగర్ 'బోర్డర్ లైన్' అట. డాక్టరు చీటీ మీద ఒకే ముక్క రాశాడు: రోజుకి 1800 కేలరీలు. సరేనండీ అని వచ్చేశాను. బస్సెక్కాక అనిపించింది, అసలు నేను రోజూ ఎన్ని తింటున్నానో ఎవడికి తెలుసు? బిస్కెట్ ప్యాకెట్ అయితే వెనకాల అచ్చేసి ఉంటుంది. అమ్మ చేసే గుత్తొంకాయ కూర వెనకాల ఏముంటుంది, మసి తప్ప!

నాన్నకి నలభై ఎనిమిదిలో వచ్చిందిరా షుగర్. నాకిప్పుడు నలభై ఆరు. ఆ రాత్రి... సరేలే, అది వదిలెయ్.

మర్నాడే ఒక డిజిటల్ కాటా కొన్నాను. ఐదు కేజీల దాకా తూస్తుంది, గిన్నె పెట్టి బటన్ నొక్కితే సున్నా చూపిస్తుంది. నువ్వు ఇప్పుడే నవ్వుతున్నావని తెలుసు. అవును, కెమిస్ట్రీ ల్యాబులో తక్కెడ విరగ్గొట్టిన వాడినే. 'గాలి వల్ల సార్' అన్నది మాత్రం నువ్వు.

లెక్కకి పుస్తకం కావాలిగా. గుర్తుందా, తార్నాకలో రూములో ఉన్నప్పుడు రోజూ ఒక పెద్ద కాంపౌండు గోడ పక్కనుంచి యూనివర్సిటీకి నడిచేవాళ్ళం, లోపల ఎలుకలకి అన్నం పెట్టి బరువు చూస్తారని నువ్వు చెప్పేవాడివి? అదే జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో మొదలై 1958లో హైదరాబాదుకి వచ్చిందట. వాళ్ళు 2017లో మన దేశపు తిండి పదార్థాలు 528 తీసుకుని, వంద గ్రాముల్లో ఏమేం ఉంటాయో పట్టికలు వేశారు. మూడేళ్ళు ఆ గోడ మీద సినిమా పోస్టర్లు చదివాం కానీ లోపల ఏం చేస్తున్నారో పట్టించుకున్నామా?

సరే, పట్టిక తెరిచాను. కందిపప్పు వంద గ్రాములకి 1384! గుండె ఆగినంత పనైంది. ఒక గిన్నెడు పప్పుతోనే నా రోజు కోటా చెల్లా? పది నిమిషాలు అలాగే కూర్చున్నాను. చిన్నది వచ్చి చూసి, 'నాన్నా, అవి కిలో జౌళ్ళు, కేలరీలు కావాలంటే 4.184తో భాగించాలి' అంది. భాగిస్తే 331. టెన్త్ చదివే పిల్ల ముందు నా ఎమ్మెస్సీ పరువు ఆ రోజు పోయింది.

అదొక్కటే అయితే బాగుండు. బియ్యం వంద గ్రాములకి 356 అని రాసుకుని, నా కంచంలో అన్నం తూశాను. 350 గ్రాములు. గుణిస్తే 1246! ఒక్క పూట అన్నానికే! రెండు రోజులు పిట్ట తిన్నట్టు తిన్నానురా. ఆఫీసులో నాలుగింటికి కళ్ళు తిరిగాయి. మూడో రోజు మళ్ళీ చిన్నదే. 'నాన్నా, పట్టికలో ఉన్నది బియ్యానికి. నువ్వు తూసింది అన్నాన్ని.' అంతే కదా! బియ్యం నీళ్ళు తాగి ఉబ్బుతుంది, నీళ్ళకి కేలరీలు ఎక్కడివి? 400 గ్రాముల బియ్యం వండితే 1,130 గ్రాముల అన్నం దిగింది. అంటే గ్రాముకి 1.26, ఒకటింపావు అనుకో. నా 350 గ్రాములు 441 మాత్రమే. ఆ రెండు రోజుల ఆకలికి ఎవరి మీద కేసు పెట్టాలి?

అక్కడ నాకు కిటుకు దొరికింది. పచ్చివి ఒక్కోటీ తూసి, అన్నీ కూడాలి. వండాక మొత్తం దిగుబడి తూయాలి. దాంతో భాగిస్తే గ్రాముకెంతో వస్తుంది. తర్వాత ఎవరు ఎంత వడ్డించుకుంటే అంత. ఇంతే లెక్క. కాగితం మీద చూస్తే రెండో తరగతి లెక్క. మా వంటింట్లో చేస్తే మాత్రం కురుక్షేత్రం.

ఎందుకంటే అమ్మ దగ్గర కొలతలు లేవు. చారెడు, గుప్పెడు, 'కంటికి ఆనేంత'. గుత్తొంకాయకి నేను కాటా పట్టుకుని పక్కన నిలబడ్డాను. వంకాయలు 750 గ్రాములు, అంతా కలిపి 190 కేలరీలే, పాపం. పల్లీలు 60 గ్రాములు, 310. నువ్వులు 30, ఎండుకొబ్బరి 30, ఉల్లిపాయ, చింతపండు, బెల్లం, అన్నీ కలిపి 1055 తేలింది. చేతిలోంచి లాక్కుని మరీ తూశాను. 'పెళ్ళిచూపుల్లో కూడా నన్ను ఇంత పరీక్షగా చూడలేదురా' అంది.

మిగిలింది నూనె. 'ఎంత పోశావమ్మా?' 'మూడు గరిటెలు.' గరిటె తూశాను, 20 గ్రాములు పడుతుంది. 60 గ్రాములు, గ్రాముకి తొమ్మిది, 540. హాయిగా రాసుకున్నాను.

కానీ మామా, ఆ కూర నీకు తెలుసు. మా ఇంటికొచ్చినప్పుడు తిన్నావు, నీ నల్ల చొక్కా మీద పడింది (ఆ చొక్కా తర్వాత ఏమైందో నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను). ఆ నూనె అరవై గ్రాములా? అనుమానం పట్టుకుంది. తర్వాతి ఆదివారం మళ్ళీ అదే కూర చేయమన్నాను. అమ్మ స్నానానికి వెళ్ళినప్పుడు నూనె డబ్బాని మూతతో సహా తూశాను. 1,286. వంటయ్యాక మళ్ళీ తూశాను. 1,142.

నూట నలభై నాలుగు గ్రాములు! ఒక్క కూరలో! 1296 కేలరీలు ఒక్క నూనెవే. మూడు గరిటెలు నిజమే, అబద్ధం ఆడలేదు. గరిటెల మధ్య డబ్బా వంచి పోసే 'ఇంకాస్త' లెక్కలోకి రాదు ఆవిడకి. మూడు గరిటెలు మూలధనం, మిగతాదంతా వడ్డీ.

నేను వీరుడిలా వెళ్ళి ఆ అంకె చెప్పానురా. చెప్పకుండా ఉండాల్సింది. అమ్మ ఏమీ అనలేదు. డబ్బా వైపు చూసింది, నా వైపు చూసింది. 'నా చేతికి కాపలా పెట్టావా?' అంది. అంతే. సాయంత్రం దాకా మాట్లాడలేదు. మా ఆవిడ నన్ను కళ్ళతోనే వేయించింది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నారు. నాకు ఎంత చిన్నతనం అనిపించిందంటే... నలభై ఏళ్ళుగా ఆవిడ పెట్టింది తిని, ఇప్పుడు దొంగని పట్టుకున్నట్టు. గాలి వల్ల అని చెబుదామా అనుకున్నాను, నోరు రాలేదు.

మర్నాడు పొద్దున్న పోపు వేస్తూ ఆవిడే కేకేసింది. 'ఒరేయ్, డబ్బా పెట్టాను. రాసుకో.' వెళ్ళి చూస్తే కాటా మీద నూనె డబ్బా, పక్కన కళ్ళజోడు పెట్టుకుని అమ్మ. అంకె తనే చదివింది.

ఆగు, అసలు మజా ఇప్పుడు. నూనె మొత్తం కడుపులోకి పోదు కదా, మూకుడుకి అంటుకునేది కూడా ఉంటుంది. కాబట్టి తర్వాత మళ్ళీ అదే కూర అవే కొలతలతో చేసినప్పుడు, గిన్నెలోకి తీశాక మూకుడు తూశాను. ఖాళీ మూకుడు 1,180, ఇప్పుడు 1,220. నలభై గ్రాములు మిగిలింది, దాదాపు నూనే. 360 కేలరీలు తీసేయొచ్చు! 1055కి 1296 కలిపితే 2351, అందులో 360 పోతే 1991. గిన్నెలో కూర 1,205 గ్రాములు. గ్రాముకి 1.65. నా వాటా 150 గ్రాములు అనుకుంటే 248. పుస్తకంలో రాసి కింద రెండు గీతలు కొట్టాను. మన రికార్డు పుస్తకాల్లో కూడా ఎప్పుడూ కొట్టలేదు అలా.

గీతలు కొట్టి తలెత్తేసరికి అమ్మ ఆ మూకుడులో వేడన్నం వేసి, అంచుల్లో ఉన్న మసాలా అంతా గరిటెతో గీకి, ఇంత ఉప్పు జల్లి కలుపుతోంది. చిన్నప్పటి అలవాటే. ముద్ద చేసి నా నోటి దగ్గర పెట్టింది. తినేశాను. రెండోది. మూడోది. నాలుగోదానికి చిన్నది గుమ్మంలో నిలబడి అడిగింది: 'నాన్నా, తీసేసిన 360 ఎక్కడికెళ్ళాయి?'

మూకుడు నున్నగా అద్దంలా ఉంది. 360 నూనె, రెండు వందల గ్రాముల అన్నం ఒక 250. భోజనం మొదలుకాకముందే రోజు కోటాలో మూడో వంతు అయిపోయింది. పైగా నేను తీసివేతలో రాసింది నా పొట్టలో కూడికయింది.

ఇంక వాటాల గొడవ వేరే. బిస్కెట్ ప్యాకెట్ మీద 'ఒక సర్వింగ్' అని రాస్తారే, మన భోజనంలో అదెక్కడుందిరా? పప్పులోకి ఇంత, కూరలోకి ఇంత, చారులోకి ఇంత, పెరుగులోకి ఇంత. అన్నమే నాలుగుసార్లు పడుతుంది. మా ఆవిడ ప్రతిసారీ కంచం కాటా మీద పెట్టి సున్నా నొక్కమంటే, 'మీరు భోంచేస్తున్నారా, బంగారం కుదువ పెడుతున్నారా' అంది. నాన్ననైతే అడగనే కూడదు. 'ఒక వాటా ఎంత నాన్నా?' అంటే 'మారు అడగడానికి ముందుంటుంది చూడు, అంత' అన్నారు. ఆయన మారు వడ్డించుకున్నప్పుడు నేను పెన్ను తీశానని ఆ పూట పెరుగన్నం మానేశారు. రాత్రి లేచి తిన్నారులే, అది కూడా రాసుకున్నాను.

ఇప్పుడు మా ఇంట్లో గిన్నెలన్నిటి అడుగునా ఖాళీ బరువు రాసి ఉంది, చెరగని మార్కర్‌తో. ప్రతిసారీ దింపి, కడిగి, తూయక్కర్లేదు, కూరతో సహా తూసి తీసేస్తే చాలు. అమ్మ స్టీలు తపేలా తిరగేసి చూసి, 'మా రోజుల్లో సామాన్ల మీద పేర్లు కొట్టించుకునేవాళ్ళం, దొంగతనం పోకుండా. నువ్వు బరువులు రాస్తున్నావు, ఎవడు ఎత్తుకుపోతాడని?' అంది.

ఇంతకీ నూనె ఇప్పుడు తొంభై ఐదు గ్రాములకి దిగింది. నేనేమీ అనలేదు, ఆవిడే. కూర రుచి... నీతో అబద్ధం ఎందుకు, కొంచెం తగ్గింది. ఆ మాట ఇంట్లో అనలేదు. నువ్వూ ఫోన్లో అనకు, ఆవిడ స్పీకర్లో వింటుంది.

పెరుగు సంగతి రాయనే లేదు కదూ, మీగడ తీసిన పాలతో తోడు పెట్టమంటే అమ్మ ఏం చేసిందో తెలుసా, తీసిన మీగడంతా దాచి

బావమరిది వచ్చేశాడు, ఆటో బయట హారన్ కొడుతోంది. మిగతాది తర్వాత. గోంగూర పచ్చడి సీసా పంపుతున్నాను, అమ్మ చేసింది, నూనె ఎంతో అడగకు. సీసా అడుగున 312 అని ఉంటుంది, ధర అనుకునేవు, ఖాళీ బరువు. పచ్చడి అయిపోగానే సీసా తిప్పి పంపు, అది నా పుస్తకంలో ఎక్కింది.

నీ
తక్కెడగాడు