2024–25 వార్షిక నివేదిక: ఈ ఏడాది మన పిల్లలతో

మన దూదేకుల (దూది ఏకడం కులవృత్తిగా ఉన్న తెలుగు ముస్లింల) సంఘం సభ్యులందరికీ అస్సలాము అలైకుం.

పోయినేడు నివేదికలో ముప్పాతిక వంతు ఖబరస్తాన్ (శ్మశానం) ప్రహరీ, షాదీఖానా మరమ్మతులే ఉన్నాయి. ఈసారి వాటిని రెండు ముక్కల్లో ముగిస్తాను. ప్రహరీ పూర్తయింది, గేటు ఇంకా పెట్టాలి. షాదీఖానా పైకప్పు కారడం ఆగింది. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం, సందేహాలుంటే కోశాధికారి గారిని అడగండి. మిగతా నివేదికంతా పిల్లల గురించే. ఎందుకో ముందు చెప్పాలి.

జూన్‌లో మన సభ్యుడొకరి అబ్బాయి ఇంటర్ మొదటి ఏడాదిలో చేరాడు. చేరిన వారానికే క్లాసులో ఓ లెక్చరర్ ఆలస్యంగా వచ్చిన ఇంకో కుర్రాణ్ణి పట్టుకుని "పింజారి వెధవా" అన్నాడట. క్లాసంతా నవ్వింది, మనవాడూ నవ్వాడు. రాత్రి ఆ మాటకి అర్థం ఏమిటా అని ఫోన్‌లో చూశాడు. తెల్లారి పరుపుల దుకాణానికొచ్చి, "నాయనా, పింజారి అంటే మనమేనా?" అని అడిగాడు. తండ్రికి ఏం చెప్పాలో తోచలేదు. "బేరం ఉందిరా, తర్వాత మాట్లాడదాం" అన్నాడు. ఆ తర్వాత నాలుగు రోజులు పిల్లాడు కడుపునొప్పి అంటూ కాలేజీకి వెళ్లలేదు. ఈ సంగతి ఆ తండ్రే నాకు చెప్పాడు, చెబుతూ కళ్లు తుడుచుకున్నాడు.

ప్రభుత్వ బీసీ-బి జాబితా తీసి చూడండి. దూదేకుల, లద్దాఫ్, పింజారి, నూర్‌బాషా అని నాలుగు పేర్లూ వరసగా ఉంటాయి. మన కుల ధ్రువపత్రం మీద ఉండే మాట, సినిమాల్లోనూ వీధుల్లోనూ తిట్టు. ఇది మనకు కొత్త కాదు. కమిటీలో ఇద్దరు పెద్దలు "మేమూ పడ్డాం, ఏమైంది ఇప్పుడు" అన్నారు. వారి మీదున్న గౌరవంతోనే రాస్తున్నాను, ఏమీ కాలేదన్నది నిజం కాదు. మనం ఆ మాటను మింగి ఊరుకున్నాం కాబట్టే పిల్లలకి దాని గురించి ఎన్నడూ చెప్పలేదు. చెప్పలేదు కాబట్టే వాడు దాన్ని ఫోన్‌లో వెతుక్కోవాల్సి వచ్చింది.

అలా మొదలైంది ఆదివారం కూర్చోవడం. సాయంత్రం అసర్ నమాజు తర్వాత షాదీఖానా వెనక గదిలో, పదో తరగతి దాటిన పిల్లలు. పెద్దల్లో ఇద్దరే ఉంటారు. ఒకరు రిటైరైన హెడ్‌మిస్ట్రెస్ గారు, ఇంకొకరు ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే మన ఆడపడుచు. రెండే షరతులు పెట్టుకున్నాం: పెద్దలు ఉపన్యాసం ఇవ్వకూడదు, ఆ గదిలో విన్నది ఇంట్లో చెప్పకూడదు. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు, సమోసాలు తిని వెళ్లిపోయారు. మూడో వారం ఓ అమ్మాయి మొదలుపెట్టాక ఇక ఆగలేదు.

వాళ్లు చెప్పినవి కొన్ని, పేర్లు లేకుండా, వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. హాస్టల్లో ఉర్దూ మాట్లాడే ముస్లిం పిల్లలు "మీకు ఉర్దూ రాదు, మీరు సగం ముస్లింలే" అంటారట. తెలుగు స్నేహితులేమో "నువ్వు ఇంత మంచి తెలుగు ఎలా మాట్లాడతావ్?" అని ఆశ్చర్యపోతారట. ఆ ఆశ్చర్యమే ముల్లులా గుచ్చుకుంటుందని ఓ పిల్ల అంది. పాకిస్తాన్‌తో క్రికెట్ మ్యాచ్ ఉన్న రోజున కాలేజీ వాట్సాప్ గ్రూప్ తెరవడం మానేశానని ఓ అబ్బాయి చెప్పాడు. ఇంకొకడు "పేరు అడిగినప్పుడు ఇంటిపేరుతో ఆపేస్తాను, అసలు పేరు చెప్పను" అన్నాడు. తన పేరును దాచుకుని తిరిగే పిల్లాడికి రాత్రి నిద్ర ఎలా పడుతుంది? నర్సు గారు చెప్పిందాని ప్రకారం వీళ్లలో చాలామందికి నిద్ర సరిగా లేదు, తలనొప్పి, ఆకలి మందగించడం ఉన్నాయి. ఇవన్నీ చదువు ఒత్తిడి అని మనం తోసేస్తున్నాం.

ఆగస్టులో చేసిన పని ఈ ఏడాది మొత్తంలో నాకు బాగా నచ్చింది. మన వీధిలో పెద్దాయన ఒకరు, వయసు ఎనభై దాటింది, వెనకటి రోజుల్లో ఊరూరా తిరిగి దూది ఏకినవారు. ఆయన అటక మీంచి విల్లు దించారు. మనిషి ఎత్తు ఉంటుంది. తంతి బిగించి, విల్లును తాడుతో పైనించి వేలాడదీసి, చెక్క సుత్తితో కొడుతుంటే ఆ గది గోడలు టంగ్ టంగ్ అని మోగాయి. గట్టిపడిపోయిన పాత పరుపు దూది ఆ తంతి తగలగానే విడివడి, పొగలా లేచి, మెల్లగా కుప్ప పడింది. పది నిమిషాల్లో ఆయన కనుబొమలు, గడ్డం, భుజాలు తెల్లగా అయిపోయాయి. పింజారి అన్న మాట విని నాలుగు రోజులు కాలేజీ మానేసిన కుర్రాడే ఫోన్‌లో వీడియో తీశాడు. తర్వాత వాడే సుత్తి తీసుకున్నాడు. ఐదారు దెబ్బలకే చెయ్యి నొప్పెట్టింది. "రోజుకు ఎన్ని పరుపులు తాతా?" అని అడిగితే ఆయన "నీ చెయ్యి పట్టుకుంటే చెబుతాను" అని తన అరచేయి వాడి చేతిలో పెట్టారు. ఆ కాయలు వాడు చాలాసేపు తడుముతూ కూర్చున్నాడు.

ఆ రోజే హెడ్‌మిస్ట్రెస్ గారు పోతులూరి వీరబ్రహ్మం గారి శిష్యుడు దూదేకుల సిద్ధయ్య కథ చెప్పారు. మన ఇళ్లలో అమ్మమ్మలకు తెలిసిన కథే. పిల్లల్లో సగం మందికి అతను మనవాడని తెలియదు.

2024 నాదస్వర విద్వాంసులు షేక్ చినమౌలానా గారి శతజయంతి సంవత్సరం. ఆయన 1924లో ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో పుట్టారు. మన జిల్లా మనిషి, తెలుగు మాట్లాడే ముస్లిం ఇంటి బిడ్డ. తంజావూరు బాణీ మీద మక్కువతో తమిళనాడు వెళ్లి, శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి గుళ్లో వాయించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ వారి సంగీత కళానిధి అందుకున్నారు. 1999లో పోయారు. మేం చేసింది చిన్న కార్యక్రమమే. ఆయన రికార్డింగులు స్పీకర్ మీద వినిపించాం. పక్క ఊళ్లో పెళ్లిళ్లకు వాయించే నాదస్వరం కళాకారుడొకరు వచ్చి పిల్లల మధ్య కూర్చుని వాయించారు. 2020లో పద్మశ్రీ పొందిన షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతుల గురించి చెప్పినప్పుడు ఆడపిల్లలు ముందుకు జరిగి కూర్చున్నారు. ఆడవాళ్లూ వాయిస్తారా అని అడిగారు. ఓ డిగ్రీ అమ్మాయి వాద్యం చేతికి తీసుకుని ఊదింది. తొమ్మిది పదిసార్లు గాలి తప్ప ఏమీ రాలేదు. చివరికి ఒక కీచు శబ్దం వచ్చింది, గది గదంతా చప్పట్లు. ఆ అమ్మాయి ఇప్పుడు నెలకు రెండుసార్లు ఆ కళాకారుడి దగ్గరికి వెళ్లి నేర్చుకుంటోంది. ఆటో ఖర్చు సంఘం ఇస్తోంది, పట్టికలో చూడవచ్చు.

మొహర్రం విషయం దాచకుండా రాయాలి. మొహర్రం పదో రోజైన ఆషూరా 2024 జూలై 17న వచ్చింది. దానికి పది రోజుల ముందు నుంచే పీర్ల చావిడి దగ్గర మాటామాటా పెరిగింది. మత ప్రచార జమాత్‌కు వెళ్లొచ్చిన కుర్రాళ్లు కొందరు పీర్లు ఎత్తడం, అగ్నిగుండం తొక్కడం మన దీన్‌లో (మతంలో) లేదన్నారు. చావిడి చూసుకునే ముజావర్ గారేమో మా తాతల నాటి నుంచి ఊరంతా, హిందువులు సహా, మొక్కులు తీర్చుకునే చోటు ఇది, మీరు నిన్న పుట్టి ఇవాళ చెబుతారా అన్నారు. రెండువైపులా మనవాళ్లే. సంఘం తీర్పు చెప్పలేదు, చెప్పకూడదని నా అభిప్రాయం కూడా. పిల్లలు తమ దీన్‌ను చదివి తెలుసుకుని ప్రశ్నలు వేస్తున్నారంటే దాన్ని తలపొగరు అనుకోవడం తప్పు. పీరు ముందు తల వంచే ముసలమ్మను మూర్ఖురాలనడం అంతకన్నా పెద్ద తప్పు. చివరికి కుదిరింది ఇంతే: ఎవరూ ఎవర్నీ కాఫిర్ (అవిశ్వాసి) అనకూడదు, వెక్కిరించకూడదు. వద్దన్న కుర్రాళ్లు పీర్లు ఎత్తలేదు, చావిడి లోపలికీ రాలేదు. కానీ ఊరేగింపు దారిలో షర్బత్ కలిపి సాయంత్రం దాకా పంచారు. మలీదా ప్రసాదం మాత్రం అందరూ తిన్నారు.

అమ్మాయిల విషయంలో ఇంతకన్నా సున్నితమైన సంగతులున్నాయి. మన అమ్మమ్మలు చీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని పొలం పనులకు వెళ్లినవాళ్లు. ఇప్పుడు మనవరాలు తనంతట తానే బురఖా వేసుకుంటానంటే ఇంట్లో గొడవ. ఇంకో ఇంట్లో వేసుకోనంటే గొడవ. ఆదివారం కూర్చోవడాల్లో ఓ పిల్ల చెప్పిన మాట నన్ను వదల్లేదు: "అమ్మమ్మ నన్ను చూసి భయపడుతోంది, నేను వేరే మనిషినైపోయానని." ఆ అమ్మమ్మనే పిలిచి, పిల్ల పక్కన కూర్చోబెట్టి, తన పెళ్లినాటి సంగతులు చెప్పమన్నాం. గంటన్నర చెప్పింది. ఇంటర్ అయ్యీ అవగానే పెళ్లి చేయాలనుకున్న రెండు కుటుంబాలతో మాట్లాడాం. ఒకరు డిగ్రీ చదివించడానికి ఒప్పుకున్నారు. ఇంకొకరు ఒప్పుకోలేదు, పద్దెనిమిది నిండాయి కదా అన్నారు. పెళ్లి అయిపోయింది. ఆ అమ్మాయి పుస్తకాలు మా దగ్గరే ఉన్నాయి, ఎప్పుడైనా తీసుకోవచ్చని కబురు పంపాం.

ఈ ఏడాది రంజాన్, ఇంటర్ పరీక్షలు కలిసి వచ్చాయి. 2025 మార్చి 1న పరీక్షలు మొదలు, 2న రోజా మొదలు. తెల్లవారుజామున సహర్‌కి లేచి, పరీక్ష రాసి, ఎండలో ఇంటికొచ్చి పడుకునే పిల్లలకి ఇఫ్తార్ అయ్యేసరికి చదివే ఓపిక ఉండేది కాదు. ఇమాం గారిని పిలిచి పిల్లలతో మాట్లాడించాం. జబ్బుపడినవారికి రోజా మినహాయింపు ఉందని, ఆ రోజులు తర్వాత ఖజా చేసుకోవచ్చని (బదులుగా ఉండి తీర్చుకోవచ్చని) ఆయన ఓపిగ్గా చెప్పారు. జ్వరంతోనే రోజా ఉన్న పిల్లాణ్ణి మందలించారు కూడా. రాత్రి తరావీహ్ నమాజు తర్వాత షాదీఖానాలో లైట్లు, ఫ్యాన్లు వేసి ఉంచాం, చదువుకోవడానికి. ఆ కరెంటు బిల్లు ఒక సభ్యుడు కట్టారు, పేరు రాయొద్దన్నారు.

ఒక రాత్రి ఓ కుర్రాడు నర్సు గారికి "బతకాలని లేదక్కా" అని మెసేజ్ పెట్టాడు. ఆవిడ వెంటనే ఇంటికి వెళ్లి పక్కన కూర్చుని 14416కి ఫోన్ చేయించింది. అది టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబర్ నుంచి కేంద్ర ప్రభుత్వం నడుపుతోంది. పగలూ రాత్రీ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. మర్నాడు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాం. ఇప్పుడు మందులు వాడుతున్నాడు, మళ్లీ కాలేజీకి వెళుతున్నాడు. ఈ మధ్యలో గాలి సోకిందని, తావీజు కట్టించమని చెప్పినవాళ్లున్నారు. తావీజు కట్టుకోవాలనుకుంటే కట్టుకోండి, దుఆ చేయించుకోండి. డాక్టరు దగ్గరికి మాత్రం ఆపకండి. ఆ నంబరు షాదీఖానా గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాం. ప్రతి ఇంట్లో రాసి పెట్టుకోండి.

ధ్రువపత్రాల సాయం ఎప్పటిలాగే జరిగింది. ఒక మాట గుర్తుంచుకోండి: మనది 10 శాతం రిజర్వేషన్ ఉన్న బీసీ-బి. ముస్లిం అనగానే 4 శాతం బీసీ-ఇ అని రాసేస్తున్నారు, తర్వాత దిద్దించడానికి పిల్లలు చెప్పులరిగేలా తిరుగుతున్నారు. దరఖాస్తు పెట్టే ముందు మాకు చూపించండి.

చేయలేకపోయినవి: చదువు మానేసి ఆటోలు, మెకానిక్ షెడ్లు, పరుపుల తయారీలో ఉన్న కుర్రాళ్లు ఆదివారాలకు రాలేదు. పని వదిలి రాలేరు. వాళ్లకోసం రాత్రి ఇషా నమాజు తర్వాత పెడదామని ప్రతిపాదన ఉంది, సర్వసభ్య సమావేశంలో చర్చించాలి. తండ్రులెవరూ పిల్లల కూర్చోవడాలకు తోడుగా నిలబడలేదు, గది బయటిదాకా తల్లులే వచ్చారు. లెక్చరర్ సంగతి మీద కాలేజీకి వెళ్లి మాట్లాడదామంటే పిల్లాడి తండ్రి వద్దన్నాడు, మార్కుల భయంతో. ఆయన భయం నాకు అర్థమైంది, అయినా మనసులో మిగిలిపోయింది.

ఆఖరుగా ఒక విన్నపం. పెద్దాయన విల్లు తంతి ఆగస్టు రోజునే, మూడో పిల్లాడు కొడుతుండగా తెగిపోయింది. కొత్త తంతి ఎక్కడా దొరకలేదు. మీ అటకల మీద, పాకల్లో, అత్తవారి ఊళ్లలో పాత విల్లు గానీ తంతి గానీ ఉంటే ఎంత పాడైపోయినా తీసుకురండి. ఆ రోజు వీడియో తీసిన కుర్రాడు ప్రతి ఆదివారం వచ్చీ రాగానే దొరికిందా అని అడుగుతున్నాడు.

ఇట్లు,
కార్యదర్శి