పది ముక్కలూ విడివిడిగా

చిరంజీవి వంశీకి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు, లహరి, చిట్టి బాగున్నారని తలుస్తాను.

ఫోన్ ఉండగా ఉత్తరం ఎందుకా అనుకుంటావేమో. నీతో మాట్లాడి ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు. మధ్యలో రెండుసార్లు బొటనవేలు బొమ్మ పంపావు. "తిన్నావా నాన్నా" అని అడిగిన దానికీ అదే బొమ్మ. పని ఎక్కువై ఉంటుందిలే అనుకున్నాను. ఉత్తరమైతే నీకు వీలున్నప్పుడు చదువుకుంటావని రాస్తున్నాను. అంతకు మించి విశేషమేమీ లేదు.

మేడమీద గది కారడం ఆగింది. మీ నాన్నగారు దగ్గరుండి మళ్లీ చేయించారు. బుజ్జి పరీక్షలు అయిపోయాయి. రెండో పేపరు బాగా రాయలేదని వాడి దిగులు. నువ్వు ఒకసారి ఫోన్ చేసి మాట్లాడితే వాడికి ధైర్యంగా ఉంటుంది. నా మోకాలు ఫరవాలేదు. మెట్లు దిగేటప్పుడే ఇబ్బంది. నీ వెన్నునొప్పి ఎలా ఉంది? అక్కడ చలి మొదలయ్యాక నీకు ఎప్పుడూ పెరుగుతుంది. పోయినసారి పంపిన నడుం బెల్టు వాడుతున్నావా, అలమరలో పెట్టావా?

రాధ పిన్ని వచ్చి రెండు రోజులు ఉండి వెళ్లింది. వెళ్లే రోజు ఉదయం, గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఒక మాట అంది. "వంశీ ఉద్యోగం మానేశాడటగా అక్కా, గంజాయి చాక్లెట్ల కంపెనీ పెడుతున్నాడట." వాళ్ల అబ్బాయి చెప్పాడట. నాకు నోట మాట రాలేదు. "ఏమో, నాతో అనలేదు" అన్నాను. మీ నాన్నగారు లోపలి గదిలోంచి విన్నారు. ఆ రోజు నుంచి రాత్రి వార్తలు పెట్టడం మానేశారు. ఎందుకని నేనూ అడగలేదు. వార్తల్లో రోజూ ఎక్కడో ఒకచోట ఆ మూటలు పట్టుకున్నారనే చూపిస్తారు కదా.

నేను నిన్ను తిట్టడానికి రాయడం లేదు. ముందు అది రాసేస్తే నా మనసు కుదుటపడుతుంది. కెనడాలో 2018 అక్టోబరు 17 నుంచి అది చట్టబద్ధమని, తినే పదార్థాల్లో కలిపి అమ్మడానికి సరిగ్గా మరో ఏడాదికి, 2019 అక్టోబరు 17న, నిబంధనలు వచ్చాయని ఇప్పుడు నాకు తెలుసు. పది రోజులుగా మధ్యాహ్నం పడుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని అక్కడి ఆరోగ్య శాఖ, హెల్త్ కెనడా వాళ్ల కాగితాలు చదువుతున్నాను. ముప్పై ఒక్క ఏళ్లు మందుల కంపెనీ క్యూసీలో, నాణ్యత పరీక్షించే చోట, పనిచేసినదాన్ని, నిబంధనల భాష నాకు కొత్త కాదు. నువ్వు దొంగపని చేస్తున్నావని నేను అనుకోవడం లేదు. నాకు చెప్పకుండా చేస్తున్నావన్నదే బాధ.

చిట్టికి జలుబు తగ్గిందా? దాని చేతి తొడుగులు చిన్నవయ్యాయని లహరి అంది. కొత్తవి కొన్నారా?

సలహాలు ఇవ్వకూడదనే కూర్చున్నాను. కానీ పిన్ని ఇంకో మాట కూడా అంది. నువ్వూ ఆ కార్తీకూ కలిసి ఏదో బేకరీ వంటగదిని రాత్రిపూట అద్దెకు తీసుకున్నారట. ఇది నిజం కాకూడదని కోరుకుంటున్నాను. మామూలు తిండి వస్తువులు అమ్మకానికి తయారుచేసే భవనంలో గంజాయి కలిపినవి తయారు చేయకూడదు. ఆవరణ ఒకటే కావచ్చు, భవనం వేరుగా ఉండాలి. రాత్రికి గిన్నెలు కడిగేసి పొద్దున మళ్లీ రొట్టెలు చేస్తామంటే కుదరదు. పైగా ప్రాసెసింగ్ లైసెన్సుకు దరఖాస్తు పెట్టే నాటికే కట్టడం పూర్తయి, అన్నీ అమర్చి ఉండాలి. అంటే లైసెన్సు వస్తుందో రాదో తెలియకముందే ఖాళీ భవనానికి అద్దె కట్టాలి. ఆ డబ్బు ఎక్కడిది? కార్తీక్ పెడుతున్నాడా, నువ్వా? కొత్త సరుకు అమ్మే ముందు 60 రోజుల నోటీసు కూడా ఇవ్వాలి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థం టీహెచ్‌సీ, దానికి మిల్లీగ్రాముకి ఒక సెంటు చొప్పున ఎక్సైజ్ సుంకం ఉంది. కొన్నవాళ్లు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా సరుకు చేతులు మారితే సుంకం కట్టాల్సిందే. చిన్న చిన్న కంపెనీలు చాలా ఆ బాకీల్లోనే కూరుకుపోయాయి. కార్తీక్‌కి లెక్కలు ఎలా వచ్చో నీ బండి అప్పుడు చూశాం కదా. లెక్కలు నువ్వే చూసుకో.

చూశావా, మళ్లీ క్లాసు పీకుతున్నాను. కానీ నాన్నా, ఆ కాగితాల్లో ఒక చోట నా చెయ్యి ఆగిపోయింది. ప్యాకెట్టుకు టీహెచ్‌సీ 10 మిల్లీగ్రాములు మించకూడదన్నారు. దాని తర్వాత, పెట్టె మీద రాసింది 5 మిల్లీగ్రాములు దాటితే అసలు సరుకులో ఉన్నది 85 నుంచి 115 శాతం మధ్య ఉండాలి అని ఉంది. ఆ రెండు అంకెలు నాకు కంఠతా వచ్చు. వాటి సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. మీ నాన్నగారికి తప్ప ఎవరికీ తెలియదు.

నీకు అప్పుడు ఏడాదిన్నర. మేము డిగాక్సిన్ మాత్రలు చేసేవాళ్లం, గుండెకు వాడేవి. మాత్ర బరువు 100 మిల్లీగ్రాములు, అందులో మందు పావు మిల్లీగ్రామే. అంటే వంద కిలోల పొడిలో మందు 250 గ్రాములు, దాంతో పది లక్షల మాత్రలు. అంత కొంచెం మందు అంత పొడిలో సమానంగా పరుచుకోవాలంటే ఒక్కసారి కుమ్మరించి తిప్పితే కాదు. ముందు మందుకి అంతే పొడి కలపాలి, దానికి మళ్లీ అంత, మళ్లీ అంత, అలా పెంచుకుంటూ పోవాలి. ఆ రోజు మిక్సర్ తిరుగుతుండగా కరెంటు పోయింది. నలభై నిమిషాల తర్వాత వచ్చింది. రాములన్న మిగిలిన టైము అంచనా వేసి తిప్పి ఆపేశాడు. తప్పు అతనిది అనను, అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఎక్కడా రాసిపెట్టలేదు.

మాత్రలు నా దగ్గరికి వచ్చాయి. ఇరవై మాత్రలు కలిపి నూరి పరీక్ష చేస్తే 99 శాతం వచ్చింది. చాలా బాగా వచ్చిందనుకున్నాను. ఆ తర్వాత పది మాత్రలు తీసుకుని ఒక్కోటీ ఆ 85, 115 మధ్యే ఉందా అని విడిగా పరీక్ష చెయ్యాలి. సాయంత్రం అయిపోయింది. లారీ వచ్చి నిలబడి ఉంది. మా సారు వచ్చి, "సగటు అంత బాగా వచ్చాక ఇంకేం ఉంటుందమ్మా, ఎప్పుడూ వచ్చేవే వస్తాయి, సంతకం పెట్టెయ్యి, రేపు చేసి రాద్దువుగాని" అన్నారు. నీకు జ్వరంగా ఉందని ఇంటి నుంచి కబురు కూడా వచ్చింది. నేను సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి నీ నుదుటి మీద తడిగుడ్డ వేస్తూ కూర్చున్నాను. పక్క గదిలో తాతగారు మందుల డబ్బా మూత తీసిన చప్పుడు వినిపించింది. ఆయన రాత్రిళ్లు వేసుకునేది అదే మందు. వేరే కంపెనీదే, మాది కాదు. కానీ ఆ మూత చప్పుడుతో నాకు చేతులు చల్లబడ్డాయి. తాతగారు సగటు మాత్ర వేసుకోరు. డబ్బాలోంచి ఏది చేతికొస్తే అది వేసుకుంటారు. దాంట్లో ఎంత ఉంటే అంతే.

తెల్లవారుజామున నాలుగున్నరకి మీ నాన్నగారు నన్ను స్కూటర్ మీద దింపారు. నువ్వు బామ్మ ఒళ్లో ఉన్నావు. పది మాత్రలూ విడివిడిగా చేశాను. మొదటిది 97. రెండోది 71. ఐదోది 128. తొమ్మిదోదానికి వచ్చేసరికి నాకు అంకెలు ఆనలేదు. గేటు దగ్గరికి పరిగెత్తాను. ఎక్కించిన పెట్టెలు లెక్క తేలక లారీ ఇంకా కదలలేదు. నా అదృష్టం. పది లక్షల మాత్రలూ నాశనం చేశారు. నాకు మెమో ఇచ్చారు, రెండేళ్లు ఇంక్రిమెంటు ఆపారు. సంతకం నాది కాబట్టి నేను ఏమీ అనలేదు. సంతకం పెట్టమన్న ఆయన పేరు ఎప్పుడూ చెప్పలేదు, నీకూ చెప్పను.

నీ చాక్లెట్టు సంగతీ ఇదే. నూనెలా తీసిన సారం కొవ్వులో కలుస్తుంది కానీ దానంతట అది సమానంగా పరుచుకోదు. జెల్లీ మిఠాయి అయితే ఇంకా కష్టం. అందులో నీళ్లుంటాయి, నూనె విడిపోతుంది, లెసిథిన్ లాంటిది వేసి పట్టి ఉంచాలి. అంచున ఉన్న ముక్కలో నాలుగు, మధ్యలో ఉన్న ముక్కలో పదహారు ఉంటే సగటు పదే వస్తుంది. పదహారు తిన్న మనిషికి ఆ సగటుతో ఏం పని?

పైగా ఇది పొగ కాదు. పీలిస్తే నిమిషాల్లో తెలిసిపోతుంది. తింటే కడుపులోకి వెళ్లి, కాలేయం దాన్ని 11-హైడ్రాక్సీ-టీహెచ్‌సీగా మార్చి, అప్పుడు తలకెక్కుతుంది. మొదలవడానికే అరగంట నుంచి రెండు గంటలు, పూర్తిగా తెలియడానికి నాలుగు గంటలు పట్టవచ్చు, పన్నెండు గంటల దాకా ఉండవచ్చు. ఏమీ కాలేదని ఇంకొకటి తింటారు. 2014 మార్చిలో అమెరికాలో, కొలరాడో రాష్ట్రం డెన్వర్‌లో 19 ఏళ్ల కాలేజీ కుర్రాడు అలాగే చేశాడు. స్నేహితుడు కొన్న కుకీ అది, మొత్తం 65 మిల్లీగ్రాములు. ఆరో వంతు తినమని షాపులో చెప్పారు. ముందు అంతే తిన్నాడు. అరగంట, గంట చూసి మిగతాదంతా తినేశాడు. ఆ మత్తులో నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి దూకి చనిపోయాడు. చదువుకోవడానికి వేరే దేశం నుంచి వచ్చిన పిల్లాడు. వాళ్లమ్మ ఎక్కడుందో, ఆ ఫోన్ ఎవరు చేశారో అని నాకు రెండు రాత్రులు నిద్ర పట్టలేదు. ఆ తర్వాతే కొలరాడోలో 10 మిల్లీగ్రాముల చొప్పున ముక్కలుగా విడదీసి ఉండాలని నిబంధన తెచ్చారు.

చిట్టికి నాలుగేళ్లు. చాక్లెట్టు ఎక్కడ దాచినా దాని చేతికి అందుతుందని నీకు నాకంటే బాగా తెలుసు. సాదా రంగు ప్యాకెట్టు, ఎర్రటి గుర్తు, పిల్లలు తెరవలేని మూత అని నిబంధనల్లో ఉన్నదంతా దుకాణంలోకి వెళ్లే సరుకుకి. నువ్వు రుచి చూద్దామని ఇంటికి తెచ్చే అచ్చులకి మూత ఎక్కడుంటుంది? పిల్లలకు మగత కమ్మి, ఊపిరి ఆడక ఆసుపత్రిలో చేర్చిన కేసులు అక్కడ ఎన్నో ఉన్నాయి. అక్కడి క్యూబెక్ రాష్ట్రంలో మిఠాయి, చాక్లెట్ రూపంలో అసలు అమ్మనివ్వలేదు. నిన్ను ఒక్కటే అడుగుతున్నాను, ఇంట్లో ఫ్రిజ్‌లో ఒక్క ముక్క కూడా పెట్టకు. లహరికి కూడా విడిగా రాస్తున్నాను, దానికి కోపం వచ్చినా సరే.

ఇక్కడికి బయల్దేరేటప్పుడు బ్యాగులు కూడా దులిపి చూసుకో. సరిహద్దు దాటించడం అక్కడా నేరమే. ఇక్కడ మత్తు పదార్థాల మీద 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం ఉంది, నీ లైసెన్సు కాగితాన్ని ఎవరూ చూడరు. స్వాతి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు ఏం పని చేస్తావని అడిగితే నిజమే చెప్పు. చుట్టపుచూపుగా అయితే మామూలుగా రానిస్తామన్నారు కానీ, ఈ వ్యాపారం పని మీద వెళితే ఆపేసే హక్కు వాళ్లకుంది. వెళ్లేముందు లాయర్ని అడుగు, కార్తీక్‌ని కాదు.

నాన్నగారు ఇప్పుడే వచ్చి ఇంకా రాస్తున్నావా అన్నారు. వంశీకి ఏమైనా చెప్పాలా అంటే కాసేపు నిలబడ్డారు. "వాడి వెన్నునొప్పి కనుక్కో" అన్నారు. అంతకుముందే రాశానన్నాను. అయినా రాయమన్నారు. ఆదివారం నువ్వు ఫోన్ చేస్తే ముందు ఆయన ఫోన్‌కి చెయ్యి. ఎలా మాట్లాడాలో తెలియక ఆగిపోయారు కానీ, ఆ ఫోన్ పక్కనే పెట్టుకుని పడుకుంటున్నారు.

ఉద్యోగం మానేశావా లేదా అన్నది నువ్వే చెప్పు, పిన్ని ద్వారా నాకు తెలియకూడదు. మానేస్తే మానేశావు. అక్కడ లైసెన్సుకు క్వాలిటీ అష్యూరెన్స్ పర్సన్ అని ఒక మనిషిని తప్పకుండా చూపించాలట. సరుకు బయటికి వెళ్లాలంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. ఆ మనిషిని నువ్వు ఎంచుకునేటప్పుడు, లారీ నిలబడి ఉన్నా సంతకం పెట్టని మనిషిని ఎంచుకో. వాళ్లని తొందరపెట్టకు. వాళ్ల ఇంట్లో కూడా జ్వరంతో పిల్లలుంటారు.

ల్యాబ్ రిపోర్టు వచ్చాక నాకూ పంపు. సగటు ఒక్కటే పంపకు, పది ముక్కల అంకెలూ విడివిడిగా పంపు. పోయిన వారమే కళ్లజోడు మార్పించుకున్నాను, చిన్న అక్షరాలు కూడా కనిపిస్తున్నాయి.

ఆశీస్సులతో,
అమ్మ