ఆరో తరగతి తల్లిదండ్రులకు: ఇంగ్లీషు నామవాచకాల సంగతి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల ఆరో తరగతిలో ఇంగ్లీషు నామవాచకాల రకాలు చెబుతున్నాం. ప్రాపర్ (ఒక మనిషికో చోటుకో ఉండే సొంత పేరు), కామన్ (ఆ రకం అన్నిటికీ చెల్లే పేరు), కలెక్టివ్ (గుంపు పేరు), మెటీరియల్ (పదార్థం పేరు), ఆబ్‌స్ట్రాక్ట్ (కంటికి కనపడని భావం పేరు) అంటూ అయిదింటి నిర్వచనాలూ పిల్లలు గడగడా అప్పజెబుతున్నారు. ఒక వాక్యం ఇచ్చి, ఇందులో ఏది ఏ రకమో చెప్పమంటే మాత్రం బిక్కమొహం వేస్తున్నారు. అందుకని బట్టీ మాన్పించి, రోజూ చూసేవాటితోనే పాఠం నడుపుతున్నాం.

ధవళేశ్వరం ఆనకట్టనే తీసుకోండి. నది, ఆనకట్ట, కాలువ కామన్. గోదావరి, ధవళేశ్వరం ప్రాపర్. 1852లో పూర్తయిన ఆ ఆనకట్టను కట్టించిన దొర పేరు ఆర్థర్ కాటన్. కాటన్ అంటే పత్తి కూడా కదా! పెద్ద ‘సి’తో రాస్తే దొర, చిన్న ‘సి’తో రాస్తే పత్తి, అంటే మెటీరియల్. తెలుగు లిపిలో పెద్ద, చిన్న అక్షరాల తేడా లేదు కనుక పిల్లలు దీన్ని పట్టించుకోరు. నోటుపుస్తకంలో ఊరి పేర్లు ఎలా రాశారో ఒకసారి చూడండి.

అరటి గెల, బాతుల మంద లాంటి కలెక్టివ్ పేర్లు తొందరగానే పట్టుబడ్డాయి. పరీక్ష కామన్, పరీక్షంటే భయం ఆబ్‌స్ట్రాక్ట్ అనగానే తరగతంతా నవ్వింది.

అసలు చిక్కు లెక్కపెట్టగలిగేవి, లెక్కపెట్టలేనివి అన్న దగ్గర వచ్చింది. కాలువకు నీళ్లు వచ్చాయి, పాలు పొంగాయి, బియ్యం అయిపోయాయి అంటాం. మనకివన్నీ బహువచనాలు. ఇంగ్లీషులో వాటర్, మిల్క్, రైస్ మూడూ ఏకవచనంలోనే నడుస్తాయి. పిల్లలు వాటి పక్కన బహువచనానికి వాడే ‘ఆర్’ (are) పెడుతున్నారంటే తెలివి తక్కువై కాదు, తెలుగు బాగా వచ్చి! దయచేసి కసరకండి. ధాన్యాన్ని లెక్కపెట్టం, బస్తాలను లెక్కపెడతాం అని చెబితే రైతుల పిల్లలు ఇట్టే అందుకున్నారు.

ఇంట్లో మీరు చేయవలసింది ఒక్కటే. వారానికోసారి సరుకుల చీటీ పిల్లల చేత ఇంగ్లీషులో రాయించి, లెక్కపెట్టగలిగేవాటి కింద గీత గీయించండి. మీకు ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, తప్పొప్పులు మేం చూసుకుంటాం. గైడ్లు మాత్రం కొనకండి. వాటిలో ఉండేది మళ్లీ ఆ నిర్వచనాలే.

వచ్చే యూనిట్ పరీక్షలో నిర్వచనాలు అడగం. ఒక పేరా ఇస్తాం. అందులోని నామవాచకాలను గుర్తించి, పక్కన రకం రాస్తే చాలు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు