ఆక్సీమీటర్‌లో 90 అంటే 90 మార్కులు కాదు

సంపాదకులకు,

మీ ఆరోగ్యం పేజీలో రక్తంలోని హిమోగ్లోబిన్ అనే ప్రొటీన్‌ని ఆక్సిజన్ మోసే లారీ అన్నారు. తప్పేం లేదు గానీ అసలు తమాషా రాయలేదు. ఈ బండిలో నాలుగు సీట్లు. ఒకదాంట్లో ఆక్సిజన్ కూర్చోగానే ప్రొటీన్ ఆకారమే కాస్త మారి మిగతా సీట్లు ఎక్కడం తేలికవుతుంది, ఒకటి దిగితే మిగతావీ త్వరగా దిగుతాయి. అందుకే ఊపిరితిత్తుల్లో దాదాపు నిండిపోతుంది, కష్టపడే కండరాల దగ్గర ధారాళంగా వదిలేస్తుంది. ఆక్సిజన్ పీడనం పెరిగేకొద్దీ ఎన్ని సీట్లు నిండాయో గ్రాఫ్ గీస్తే గీత తిన్నగా రాదు, ఇంగ్లిష్ ఎస్ అక్షరంలా వంకర తిరుగుతుంది.

ఇదేదో పరీక్షకి బట్టీ పట్టే సంగతి అనుకునేవాణ్ణి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ చూపించేది ఈ సీట్లు నూటికి ఎన్ని నిండాయనే. కోవిడ్‌లో మా నాన్నకి అది 98 నుంచి 90కి వస్తే ‘ఎనిమిదే కదా’ అనుకున్నాం. కానీ ఆ ఎనిమిదికే రక్తంలో ఆక్సిజన్ పీడనం 100 నుంచి 60 మిల్లీమీటర్ల దాకా పడిపోతుంది, అక్కణ్ణుంచి కింద జారుడుబండే! (నాన్న బాగానే ఉన్నారు లెండి.)

బొగ్గులు సరిగా కాలకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువు ఇంకా దొంగది. ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా సీటు పట్టుకోవడమే కాదు, పక్క సీట్లలో ఉన్న ఆక్సిజన్‌ని కూడా సరిగా దిగనివ్వదు. పైగా మామూలు ఆక్సీమీటర్‌కి ఈ రెంటికీ తేడా తెలీదు, 98 అనే చూపించొచ్చు. చలికాలం మూసిన గదిలో కుంపటి పెట్టుకునేవాళ్ల కోసమైనా ఇది రాయండి.

– ఒక పాఠకుడు