మా కాలనీ ఇంగ్లిష్ తరగతుల గురించి ఫిర్యాదు

నెల్లూరు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మా కమ్యూనిటీ హాల్లో నడుపుతామన్న స్పోకెన్ ఇంగ్లిష్ తరగతులు ఆపేయడం, మిగిలిన ఫీజు వాపసు గురించి.

అయ్యా,

మా కాలనీ మహిళా సంఘం తరఫున రాస్తున్నాను. మీ ప్రతినిధి మా సంఘం మీటింగుకి వచ్చి, ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగితే చాలు, ఏ వయసు వాళ్ళయినా చేరవచ్చని చెప్పారు. నాలుగు నెలల కోర్సు, తెలుగులో వివరించే టీచరు, మధ్యాహ్నం రెండున్నర నుంచి నాలుగు దాకా హాల్లోనే క్లాసు. ఇవన్నీ మీ పాంప్లెట్‌లో అచ్చయి ఉన్నాయి. అది నమ్మి 26 మంది తలా 4,200 రూపాయలు కట్టారు. కొందరు పొదుపు సంఘంలో అప్పు తీసుకుని మరీ కట్టారు.

మొదటి నెల వచ్చిన టీచరమ్మ మీద మాకు ఏ ఫిర్యాదూ లేదు. మందుల స్ట్రిప్పు మీద ఎక్స్‌పైరీ తేదీ ఎక్కడ చూడాలి, పిల్లల స్కూలు వాట్సాప్ గ్రూపులో వచ్చిన మెసేజ్ ఏం అడుగుతోంది, బ్యాంకు వాళ్ళమంటూ వచ్చే ఎస్సెమ్మెస్‌లో ఏది నిజం, ఏది దొంగది, ఇలాంటివి చెప్పేవారు. ఆవిడ మానేశారని ఫోన్లో ఒక్క మాట చెప్పి ఊరుకున్నారు మీరు.

తర్వాత పంపిన కుర్రాడికి తెలుగు శుభ్రంగా వచ్చు. కానీ క్లాసులో తెలుగు మాట్లాడకూడదని కంపెనీ రూలట. తెలుగు మాట దొర్లితే పది రూపాయల ఫైను. పూలమ్ముకునే మనిషి దగ్గర పది రూపాయల ఫైను వసూలు చేసే ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, వాళ్ళని ఒకసారి చూడాలని ఉంది. ఒకావిడ ‘ఇస్కూల్’ అన్నారని, ఆ మాటే నాలుగైదుసార్లు అనిపించి అందరి ముందూ నవ్వాడు. ఆవిడకి యాభై దాటాయి, మనవరాలి హోంవర్క్ చూద్దామని చేరారు. మళ్ళీ హాలు గుమ్మం తొక్కలేదు. పిల్లల్ని చూసి నవ్వితే ఏడుస్తారు, మర్నాడు మళ్ళీ వస్తారు. పెద్దవాళ్ళు ఏమీ అనరు, రావడం మానేస్తారంతే. పెద్దవాళ్ళకు పాఠం చెప్పే కంపెనీకి ఇది తెలియకపోతే ఎలా?

చివరికి ఆ కుర్రాడూ రాలేదు. యాప్ పెట్టుకోమన్నారు. క్లాసు రాత్రి ఏడింటికి. అంటే వంట వేళ, పైగా మా వీధికి కొళాయి నీళ్ళొచ్చే వేళ. సరే, వీలున్నప్పుడు చూద్దామని తెరిస్తే ఆ వీడియోల్లో వివరణంతా హిందీలో ఉంది. పాఠాలేమో ఇంటర్వ్యూలో మీ బలాలు, బలహీనతలు ఎలా చెప్పాలి, హోటల్లో రూము ఎలా బుక్ చేయాలి అని. మా వాళ్ళలో ఇంటర్వ్యూకి వెళ్ళేవారు ఒక్కరూ లేరు. దీనికంటే మా పిల్లల సర్కారు బడి పుస్తకాలే నయం. ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదుటి పేజీలో తెలుగు ఉంటాయి. ఇప్పుడు కొందరం అవే ముందేసుకుని కూర్చుంటున్నాం.

పెద్దవాళ్ళ చదువు ఈ జిల్లాకు కొత్త కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా అంతటా సాక్షరతా ఉద్యమం సాగినప్పుడు నేను రాత్రి బడిలో వాలంటీరుని. వాచకంలో సారా గురించిన పాఠం ఉండేది. ఆ పాఠం దగ్గర మొదలైన మాటలు మా జిల్లాలోని దూబగుంట ఊరి ఆడవాళ్ళని సారా దుకాణం మూయించేదాకా తీసుకెళ్ళాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారాయే నిషేధించారు. మీ స్పోకెన్ ఇంగ్లిష్‌తో ఉద్యమాలు రావాలని నేను అడగడం లేదు. పగలంతా పనిచేసి వచ్చిన మనిషి తన ఇంటి విషయమైతే నోరు విప్పుతుంది, కాకపోతే ఆవలిస్తుంది. జీతం లేని వాలంటీర్లకు తెలిసిన ఈ సంగతి ఫీజు తీసుకునే మీకు తెలిసి ఉండాలి.

మీ కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇంగ్లిష్‌కి ఒకటి, హిందీకి రెండు నొక్కమంటుంది. తెలుగు లేదు. ఇంగ్లిష్ రాదనే కదండీ మీ దగ్గర చేరింది! ఎలాగో ఒకరిని పట్టుకుంటే, రసీదు వెనక చూసుకోమన్నారు. ‘ఒకసారి కట్టిన ఫీజు ఎట్టి పరిస్థితుల్లోనూ తిరిగి ఇవ్వబడదు’ అని అక్కడ సన్న అక్షరాల్లో ఉంది. మీరు అచ్చేసుకున్నంత మాత్రాన అది చట్టం కాదు. లోపమున్న సేవకు తీసుకున్న డబ్బు తిరిగివ్వననడాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతిగా చెబుతోంది. రసీదులో గడువేమీ రాయకపోతే 30 రోజుల్లో ఇవ్వాలని కూడా అందులో ఉంది.

మొదటి నెల ఫీజు మాకొద్దు, ఆ టీచరమ్మ కష్టపడి చెప్పారు. మిగిలిన మూడు నెలలకు మనిషికి 3,150 చొప్పున 81,900 రూపాయలు ఎవరిది వారికి వాపసు ఇవ్వండి. వసూలు చేసిన ఫైన్లు కూడా అందులో కలపండి. అలా కాకుండా ఆవిడనే ఒప్పించి మధ్యాహ్నం పూట మళ్ళీ పంపుతామంటే సంఘంలో మాట్లాడి చెబుతాను, కానీ యాప్ మాట మళ్ళీ ఎత్తవద్దు. ‘తెలుగులో వివరణ’ అన్న మీ బోర్డు మా వీధి మలుపులో ఇంకా వేలాడుతోంది. ముందు దాన్ని తీయించండి, పక్క కాలనీ వాళ్ళు నిన్ననే వచ్చి వివరాలు అడిగారు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లో డబ్బు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేసి, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాం. 5 లక్షల లోపు కేసుకి అక్కడ ఫీజు లేదని కనుక్కున్నాం. రసీదుల నకళ్ళు, మీ పాంప్లెట్, బోర్డు ఫోటో జతచేశాను. జవాబు తెలుగులో రాయండి, వచ్చే మీటింగులో చదివి వినిపించాలి.

ఇట్లు,
కార్యదర్శి,
కాలనీ మహిళా సంఘం