మతం గురించి వాదించుకుంటున్నవాళ్లకు
అందరికీ నమస్కారం. ఎవరి దేవుడు గొప్ప అన్న వాదన తెగేది కాదు, ఇక ఆపండి. మతాన్ని పందెంలా కాకుండా ఒక మనిషి రోజూ బతికే పద్ధతిగా చూడండి, ఏం తింటాడు, ఎప్పుడు ఉపవాసం ఉంటాడు, సంపాదనలో ఎంత దానం చేస్తాడు, పోయినవాళ్లను ఎలా సాగనంపుతాడు. రంజాన్, లెంట్ (ఈస్టర్‌కు ముందు క్రైస్తవుల ఉపవాస కాలం), ఏకాదశి, మూడింట్లోనూ ఉన్నది ఆకలిని అదుపులో పెట్టుకోవడమే కదా. ఎదుటివాళ్ల పద్ధతి మనకు నచ్చక్కర్లేదు, నమ్మక్కర్లేదు కూడా (నాకైతే కొన్ని అస్సలు ఎక్కవు), అడ్డుపడకపోతే చాలు. బలవంతం చేస్తే మాత్రం ఊరుకోకూడదు, అది వేరే సంగతి. ఐక్యరాజ్యసమితి 2010లో తీర్మానం చేసి ఫిబ్రవరి మొదటి వారాన్ని మత సామరస్యానికి కేటాయించింది. ఆ వారం ఎవరి పద్ధతి గురించి వాళ్లే ఇక్కడ రాయండి, పక్కవాళ్ల మతం మీద ఫార్వర్డ్‌లు వద్దు.